బాటహక్కు

నా పేరు ఏసుపాదం.
పాదం పేరులోనే ఉంది, నవ్వాలనుంటే నవ్వండి,
ఒకటో క్లాసు పంతులమ్మ మొదలు అందరూ నవ్వినవాళ్ళే.
గాంధీనగరంలో, రిజిస్ట్రారాఫీసు మెట్ల కింద
ఇరవై రెండేళ్ళుగా దస్తావేజులు రాస్తాను.
మెట్ల పైన ఏముందో
పైకెళ్ళొచ్చిన కాగితాలు చెబితేనే నాకు తెలుసు.

బెజవాడలో ఎవరి గోడ ఎవరి గోడకి ఆనిందో
ఏ సందు ఎన్నడుగులో అడగండి, చెబుతాను.
నా చేతిబండి వెడల్పు ముప్పై నాలుగంగుళాలు.
ఆ కొలత మాత్రం
ఏ కాగితంలోకీ ఎక్కలేదు.

ఇవాళ మూలా నక్షత్రం.
కృష్ణలంకలో ఆరింటికే బయల్దేరాను.
బందరు కాలువ వంతెన దగ్గర బారికేడ్లు.
రెండో వంతెనకి పోతే అక్కడా అవే, పైగా తాడు.
బారికేడ్‌కీ బారికేడ్‌కీ మధ్య
మనిషి పక్కకి తిరిగితే పట్టేంత సందు.
ఎర్రచీరలు, తడిజుట్లు, చంకన పిల్లలు
జల్లెట్లో పిండిలా జారిపోతున్నారు.

శ్రీకాకుళం నుంచి బందోబస్తుకొచ్చిన కుర్రాడు
"నానేటి సెయ్యనండి, ఈ ఊరు నాకూ కొత్తే,
అలా ఫుట్‌పాత్ మీంచి ఎలిపోండి" అన్నాడు.
ఫుట్‌పాత్‌కి కొత్తగా వాలు కట్టారు, పసుపు రంగేశారు.
వాలు మధ్యలో మూడు ఇనప గుంజలు.
బైకులు ఎక్కకుండానట.
బైకులు పక్కనించి ఎక్కుతున్నాయి.

కొబ్బరికాయల ట్రాలీ వచ్చింది, అద్దం మీద పాసు.
బారికేడ్ తలుపులా తెరుచుకుని మూసుకుంది.
దాని చక్రాలు లెక్కపెట్టాను.
మూడే.
నావీ మూడే.

బాజీబీ ఫోను: "అన్నా, స్లాటు పదకొండున్నరకి."
సింగ్‌నగర్‌లో అరవై గజాలు,
వంటిల్లూ ముందు గదీ కూతురికి రాసిస్తోంది.
చిత్తుప్రతి నా ఒళ్ళోనే ఉంది, హద్దుల దగ్గర ఆగి.

బండిని నీడకి లాక్కుని పలక మీద పెట్టాను.
అలవాటు పడ్డ చెయ్యి, ముందు నాదే రాసేసింది.
తూర్పు: తాడు.
దక్షిణం: నేనొచ్చిన దారి, అదీ ఇందాకే కట్టేశారు.
పడమర: భక్తుల చెప్పుల గుట్ట.
ఉత్తరం: ఇనప గుంజలు.
ఈ నాలుగు హద్దుల మధ్య గల
ఖాళీస్థలము కాని మనిషి ఒకడు, సకల హక్కులతో...
కొట్టేశాను.

పదింటికి బాజీబీ అల్లుడు ఇద్దర్ని వెంటేసుకొచ్చాడు.
శ్రీకాకుళం కుర్రాడూ లాఠీ చంకన పెట్టి ఓ చెయ్యి వేశాడు.
బండితో సహా నన్ను గుంజల మీదుగా ఎత్తారు.
"పల్లకీలో దేవుడిలా ఉన్నావు బాబాయ్" అన్నాడొకడు, మంచికే.
పల్లకీలో దేవుణ్ణి
ఎక్కడికెళ్ళాలని ఎవరడుగుతారు?
చొక్కా పైకి జరిగి నడుం కనబడుతోంటే
కిందికి లాక్కోడానికి నాకు చెయ్యి ఖాళీ లేదు.

ఆఫీసు చేరాక బాజీబీ కాగితం పూర్తి చేశాను.
ఇన్నేళ్ళుగా మక్కికి మక్కి దించిన వాక్యం:
సదరు మూడడుగుల బాటలో నడిచి
రాకపోకలు సాగించు హక్కుతో సహా.
నడిచి దగ్గర పెన్ను ఆగింది.
నడిచి గాని, దొర్లి గాని, పాకి గాని,
ఎవరూ మోయనక్కరలేకుండా, అని రాశాను.
టైపు కొట్టే కుర్రాడు "దొర్లడమేంటండీ?" అన్నాడు.
చక్రాలు చూపించాను. కొట్టాడు.

కాగితం మెట్లెక్కింది.
సబ్ రిజిస్ట్రారు కళ్ళజోడు సర్దుకున్నాడట,
"ఈ మాట ఎక్కడన్నా ఉందా?" అన్నాడట.
"ఇందులో ఉందిగా సార్" అందట బాజీబీ.
వెనక పదిమంది క్యూ. సీలు గుద్దేశాడు.

బారికేడ్లు రాత్రి పదకొండు దాకా తియ్యరు.
బాజీబీ పంపిన టీ తాగుతూ మెట్ల కిందే కూర్చున్నాను.
మూడడుగులంటే ముప్పై ఆరంగుళాలు.
ఆ సందులో నా బండికి
ఇంకా రెండంగుళాలు మిగులు.